పక్కబట్టలు ఎన్నాళ్లకోసారి ఉతకాలి? పరుపు ఎండలో వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మేము కాకినాడలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా తొమ్మిదేళ్ల బాబుకు నిద్ర లేవగానే వరసగా తుమ్ములు వస్తాయి, ముక్కు కారుతుంది, కళ్లు దురద పెడతాయి. బడికి వెళ్లేసరికి చాలావరకు తగ్గిపోతుంది. వాడు నానమ్మ పక్కన బూరుగు దూది పరుపు మీద పడుకుంటాడు. పరుపులు, దిండ్లు ఎండలో వేస్తే చాలని మా అత్తగారు అంటారు. వారానికోసారి అన్నీ ఉతకాల్సిందేనని నేను అంటాను. వానాకాలంలో రెండూ కుదరడం లేదు. ఏది ఎన్నాళ్లకోసారి ఉతకాలి? వచ్చే నెల మా ఆడపడుచు పురిటికి వస్తోంది. అటక మీద పెట్టెలో దాచిన పాత దుప్పట్లు, బొంతలు పసిబిడ్డకు వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ అత్తగారు చెప్పే ఎండ చేసే పని వేరు, మీరు చెప్పే ఉతుకు చేసే పని వేరు. అందుకని ఒకదాన్ని మానేసి రెండోదానితో సరిపెట్టుకోలేం. ఎండ పక్కబట్టల్లోని చెమ్మను లాగేస్తుంది, ఆ చెమ్మను ఆధారం చేసుకుని బతికే సూక్ష్మమైన పురుగులను చంపుతుంది, కానీ అవి వదిలిన మలం, చచ్చిన వాటి శరీర భాగాలు బట్టలోనే ఉండిపోతాయి. ఉతికితే ఆ మలినం పోతుంది గాని, పరుపును ఎలాగూ ఉతకలేం. ఉతికిన దుప్పటిని కూడా పూర్తిగా ఆరకుండా మడత పెడితే మళ్లీ అదే చెమ్మను తెచ్చి పరుపు మీద పరిచినట్టు అవుతుంది.

మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, మీ బాబుకు ఉన్నది ఎలర్జీ వల్ల వచ్చే ముక్కు సమస్య కావచ్చనీ, దానికి కారణం పక్కలోనే ఉండవచ్చనీ అనిపిస్తోంది. తుమ్ములు లేవగానే మొదలై, ఇల్లు వదిలాక తగ్గడం డస్ట్ మైట్స్ అనే ధూళి పురుగుల వల్ల వచ్చే ఎలర్జీలో తరచూ కనిపించే తీరు. ఇంటి దుమ్ము పడనివారికి అసలు పడనిది ఈ పురుగేనని 1960వ దశకంలో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగర పరిశోధకులు గుర్తించారు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండని ఈ పురుగులు మనల్ని కుట్టవు, రక్తం పీల్చవు. మన ఒంటి నుంచి రోజూ రాలే చర్మపు పొట్టును తిని బతుకుతాయి. వాటి మలంలోని ప్రొటీన్లు ముక్కులోకి, ఊపిరితిత్తులలోకి వెళ్లడమే ఎలర్జీకి కారణం. పరుపు, దిండు వాటికి ఇష్టమైన చోట్లు కావడానికి పొట్టు ఒక్కటే కారణం కాదు. నీళ్లు తాగే వీలు లేని ఈ జీవులు గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి, ఆ తేమను రాత్రంతా మన చెమట, ఊపిరి అందిస్తూ ఉంటాయి. గాలిలో తేమ 50 శాతానికి లోపు కొన్ని రోజులపాటు వరసగా ఉంటే ఇవి ఎండి చచ్చిపోతాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల వడగాలి ఆ పని తనంతట తానే చేసిపెడుతుంది. సముద్రం పక్కనే ఉన్న మీ ఊళ్లో ఏడాది పొడవునా గాలిలో తేమ ఉంటుంది కాబట్టి ఆ పనిని మీరే చేసుకోవాలి.

ఇక ఎన్నాళ్లకోసారి అన్న ప్రశ్నకు అన్నింటికీ ఒకే లెక్క వేయనక్కర్లేదు. ఒంటికి నేరుగా తగిలేవి తరచుగా, లోపల ఉండేవి అరుదుగా ఉతకాలి. దిండు గలీబులు, పరుపు మీద పరిచే దుప్పటి, కప్పుకునే దుప్పటి వారానికోసారి ఉతకాలి. ఉక్కపోతగా ఉండి చెమట ఎక్కువగా పట్టే రోజుల్లోనూ, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చి తగ్గాకా వారం దాకా ఆగకుండానే మార్చడం మంచిది. గలీబుల విషయంలో నాకు కాస్త పట్టింపు ఎక్కువ. రాత్రి తలకు నూనె రాసుకుని పడుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆ నూనె, జుట్టులోని పొట్టు, చెమట కలిసి గలీబు మధ్యలో గోధుమరంగు మరకగా పేరుకుంటాయి. మొటిమలు, చుండ్రు ఉన్న పిల్లలు గంటల తరబడి చెంప, నుదురు ఆనించి పడుకునేది సరిగ్గా ఆ మరక మీదే. అలాంటివారికి వారంలో రెండుసార్లు గలీబు మార్చాలి. దుప్పటి మార్చకపోయినా గలీబు ఒక్కటీ మార్చడం పెద్ద పని కాదు. కవరు తొడిగి వాడే రగ్గులు, రజాయిలు నెలకో రెండు నెలలకో ఒకసారి ఉతికితే సరిపోతుంది. కవరు లేకుండా ఒంటికి తగిలేలా కప్పుకుంటే వాటినీ దుప్పట్లలాగే చూడాలి. ఫైబర్ దిండ్లను మూడు నాలుగు నెలలకోసారి ఉతకవచ్చు. బూరుగు దూది దిండును మాత్రం ఉతకవద్దు, దూది ఉండలు కట్టి లోపల ఆరక బూజు పడుతుంది.

ఉతికే నీటి వేడి గురించి చాలామందికి సందేహాలు ఉంటాయి. ధూళి పురుగులు చావాలంటే నీరు 55 నుంచి 60 డిగ్రీల వేడి ఉండాలి. వేడి చేసే ఏర్పాటు ఉన్న వాషింగ్ మెషిన్‌లో 60 డిగ్రీల దగ్గర పెడితే పని అయిపోతుంది. అది లేనివారు మామూలు నీళ్లతో ఉతికినా పడనివాటిలో చాలా భాగం కొట్టుకుపోతుంది. మిగిలిన పురుగుల సంగతి మంచి ఎండ, ఇస్త్రీ చూసుకుంటాయి. మరిగే నీళ్ల బకెట్ పెట్టి నానబెట్టే పద్ధతి పిల్లలు తిరిగే ఇంట్లో వద్దనే నా సలహా. అలాంటి బకెట్‌లో పడి ఒళ్లు కాలిన పిల్లలను వైద్యులుగా మేము చూస్తూనే ఉంటాం. ప్రతి ఉతుకులోనూ యాంటీసెప్టిక్ ద్రవం కలపడం వల్ల మీ బాబు ఎలర్జీకి ఒరిగేదేమీ లేదు, దాని ఘాటైన వాసన తుమ్ములను పెంచినా పెంచవచ్చు.

బూరుగు దూది పరుపును, దిండ్లను ఎండలో వేయాలన్న మీ అత్తగారి పద్ధతి సరైనదే. పరుపును రెండు వారాలకోసారి, దిండ్లను వారానికోసారి వేయాలి, అయితే వేసే తీరులో కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. ఉదయం పది తర్వాత ఎండ ముదిరాక వేసి, మధ్యాహ్నం తిరగేసి, చెమ్మ దిగకముందే మూడు నాలుగు గంటలకల్లా లోపలికి తెచ్చుకోవాలి. తెచ్చిన వెంటనే దుప్పటి పరిచేయకుండా వేడి చల్లారనివ్వాలి. కర్రతో కొట్టి దులపడం ఇంటి బయటే, గాలివాలు చూసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయాలి. ఆస్తమా ఉన్నవారు ఆ పని చేయకూడదు, మీ బాబు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. గదిలో పక్క దులిపినప్పుడు రేగిన ధూళి దిగడానికి అరగంట దాకా పడుతుంది, అంతవరకు బాబును లోపలికి రానివ్వవద్దు. ఫోమ్, లాటెక్స్ పరుపులను ఎండలో వేస్తే త్వరగా పాడవుతాయి కాబట్టి వాటిని నీడలో గోడకు నిలువుగా చేరవేసి రెండు వైపులా ఫ్యాను గాలి తగలనివ్వాలి. ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ మొక్కలు బాగా పెరిగి ఉంటే, పుప్పొడి పడదని పరీక్షలో తేలినవారు పక్కబట్టలను దానికి దగ్గరగా ఆరేయకూడదు.

నిద్ర లేచిన వెంటనే పక్కను మడిచి, పైన మందపాటి బెడ్‌కవర్ కప్పేయడం చూడటానికి బాగుంటుంది గాని, రాత్రి పట్టిన చెమట ఆరడానికి అది అడ్డం. దుప్పటి తీసి, కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి, కనీసం ఒక గంట అలా వదిలేయండి. మేడ మీద ఎండ దొరకని అపార్ట్‌మెంట్లలోనూ, వానాకాలంలోనూ రోజూ చేయగలిగిన అన్నింటిలో ఇదే తేలికైనది, నా దృష్టిలో చాలా ముఖ్యమైనది కూడా. ముసురు పట్టిన వారంలో అన్ని దుప్పట్లూ ఒకేసారి ఉతికి ఇంట్లో తీగల మీద వేలాడదీస్తే ఆ నీరంతా గదుల గాలిలోకే చేరుతుంది. అప్పుడు గలీబులు, బాబు దుప్పటి మాత్రం ఉతికి, పడుకునే గదిలో కాకుండా వరండాలో ఆరేసి, చివరి చెమ్మను ఇస్త్రీతో తీయండి. మిగతావి తెరిపి ఇచ్చే దాకా ఆగినా నష్టం లేదు. ముక్క వాసన వస్తున్న దుప్పటిని మాత్రం వాడవద్దు, ఆ వాసన అది సరిగా ఆరలేదని, బూజు మొదలైందని చెబుతుంది.

దులిపేటప్పుడు పరుపు కుట్ల వెంబడి ఒకసారి కళ్లతో చూడండి. సన్నటి నల్ల చుక్కలు, ఎండిన రక్తపు మరకలు కనిపిస్తే అవి నల్లుల ఆనవాళ్లు. నల్లులు మంచం కీళ్లలోకి, గోడ పగుళ్లలోకి జారుకుంటాయి కాబట్టి ఎండలో వేయడం ఒక్కటే వాటికి చాలదు. ఇక ఇంట్లో ఎవరికైనా గజ్జి వచ్చి, రాత్రిళ్లు దురద, వేళ్ల సందుల్లో పొక్కులు ఉంటే, అందరూ ఒకే రోజు మందు రాసుకుని, అదే రోజు పక్కబట్టలన్నీ వేడినీటితో ఉతకాలి. ఉతకలేనివాటిని ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి కనీసం మూడు రోజులు ఉంచితే సరిపోతుంది. గజ్జి పురుగు మనిషి ఒంటిని వదిలి సాధారణంగా అంతకు మించి బతకదు.

మీ బాబు విషయానికి వస్తే, పాత బూరుగు పరుపు మీద నుంచి వాడిని మార్చడం మేలు. నానమ్మ పక్కనే వేరే పరుపు వేయండి. దానికి, దిండుకు అన్ని వైపులా మూసుకుపోయే జిప్పు ఉన్న, పురుగులు దాటలేని దగ్గరి నేత కవరు తొడిగి, పైన దుప్పటి వేయండి. అయితే కవరు కొన్నాం కాబట్టి తుమ్ములు ఆగిపోతాయని అనుకోవద్దు. ఆస్తమా ఉన్న పెద్దవారిపై బ్రిటన్‌లో జరిగి 2003లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో ఇలాంటి కవర్లు ఒక్కటే వాడితే ప్రయోజనం కనిపించలేదు. ఉతుకు, ఎండ, కవరు, పక్క మీద బొమ్మలు తగ్గించడం, తడిగుడ్డతో నేల తుడవడం అన్నీ కలిస్తేనే కొంత తేడా వస్తుంది, అదీ నెలల మీద తెలుస్తుంది. ఈలోగా పిల్లల వైద్యుడికి చూపించండి. ముక్కులో కొట్టే మందులు, ఎలర్జీ మాత్రలు వైద్యుడి సలహా మేరకు వాడితే పిల్లలు హాయిగా ఉంటారు. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, ఆడుకునేటప్పుడు ఆయాసం ఉంటే ఆలస్యం చేయవద్దు.

చివరిగా అటక మీది బొంతల సంగతి. ఆ పెట్టెలో కలరా ఉండలు వేసి ఉంటే, వాటిని పసిబిడ్డకు వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. నాఫ్తలీన్‌తో చేసిన ఆ ఉండల ఆవిరి బట్టల్లో ఇంకిపోతుంది. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న శిశువులను అలాంటి బట్టల్లో చుడితే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై, కామెర్లు తీవ్రంగా ముదిరే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉందో లేదో పుట్టిన బిడ్డను చూసి చెప్పలేం. బిడ్డకు మెత్తటి నూలు బట్టలు వేరుగా ఉతికి ఎండబెట్టి, కలరా ఉండలు లేని అలమరాలో పెట్టుకోండి. ఆ పెట్టెలోని దుప్పట్లు పెద్దవాళ్లు వాడుకోవాలన్నా రెండు మూడుసార్లు ఉతికి ఎండలో వేసి, వాసన పూర్తిగా పోయాకే వాడాలి, బాలింత పడుకునే గదిలోకి అసలు తీసుకురావద్దు. బిడ్డకు తలగడ, మందపాటి బొంత వద్దు, గట్టిగా చదునుగా ఉన్న పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. కళ్లు, ఒళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడి ఉన్నా, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లి, కలరా ఉండలు పెట్టిన బట్టలు వాడి ఉంటే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి.