బిట్రగుంట ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు రాత్రులు

పబ్బులు రాకముందు మన చిన్న ఊళ్లలో డాన్సు హాళ్లు ఉండేవా, ఉంటే వాటికి ఎవరు వెళ్లేవారు అన్నది ప్రశ్న. ఉండేవి. నెల్లూరు జిల్లా బిట్రగుంటలోని రైల్వే ఇన్‌స్టిట్యూట్ (రైల్వే ఉద్యోగుల క్లబ్బు) హాలును నేను కళ్లారా చూశాను. 1970ల తొలి సంవత్సరాలలో అక్కడి రైల్వే కాలనీలో పెరిగాను. మా నాన్నగారు ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసేవారు. డాన్సు ఉన్న రాత్రి హాలులోని దీపాలు, ఫ్యాన్లు, మైకు ఆయన బాధ్యత. ఆయన వెంట తోకలా తిరగడం నా పని.

మద్రాసు–విజయవాడ మార్గంలో ఆవిరి ఇంజన్ల లోకో షెడ్డు ఉన్న ఊరు అది. డ్రైవర్లలో, గార్డులలో చాలామంది ఆంగ్లో ఇండియన్లు. క్రిస్మస్‌కూ, డిసెంబరు 31 రాత్రికీ వారు ఏర్పాటు చేసుకొనే డాన్సు కోసం మద్రాసులోని పెరంబూరు నుంచి వాద్యకారులు డ్రమ్ములతో సహా ప్యాసింజరు బండిలో దిగేవారు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. డాన్సు హాలు అనగానే మన సినిమాలు ఏళ్ల తరబడి చూపించింది సిగరెట్టు వెలిగించే గౌను పిల్లనూ, గ్లాసు పట్టుకొన్న విలన్నూ మాత్రమే. నేను చూసిన హాలులో గోడ వారగా అమ్మమ్మలు కూర్చొనేవారు, రెండేసి కుర్చీలు దగ్గరకు జరిపి వాటి మీద పసిపిల్లలను నిద్రపుచ్చేవారు, మూడు లెక్కల మీద తిరిగే వాల్ట్‌జ్‌కూ, హుషారైన జైవ్‌కూ నడుమ అందరూ పెన్సిళ్లు పట్టుకొని హౌసీ (అంకెల చీటీల ఆట, తంబోలా) ఆడేవారు.

హాలుకు చెక్క నేల ఉండేది. బూట్లు నేలను పట్టుకోకుండా సాఫీగా జారేందుకు, క్యారమ్స్ బోర్డుకు వాడే బోరిక్ పౌడరునే సాయంత్రం పూట ముగ్గు వేసినట్టు వేళ్ల సందుల నుంచి పల్చగా చల్లేవారు. తరువాత ఒక పిల్లవాడిని గోనెపట్టా మీద కూర్చోబెట్టి మిగిలిన పిల్లలం హాలంతా లాగితే, ఆ పౌడరు చెక్కలోకి ఇంకి నేల నిగనిగలాడేది. నేను ఆరో తరగతి చదువుతున్న ఏడాది డిసెంబరు 31న, మరింత బాగా జారుతుందన్న దురాశతో, వేదిక పక్క మూలలో ఒక డబ్బా పౌడరు మొత్తం కుమ్మరించి పైపైన తుడిచేశాను.

పదకొండు దాటాక పాల్ జోన్స్ అనే జతలు మారే డాన్సు మొదలైంది. ఆడవారు లోపలి వలయంగా, మగవారు బయటి వలయంగా ఎదురెదురు దిశలలో తిరుగుతూ ఉంటే, పాట ఆగిన క్షణాన ఎవరి ముందు ఎవరుంటే వారిద్దరూ జత. మెయిలు నడిపే భారీ మనిషి ఒకరు సరిగ్గా నా మూలకు వచ్చేసరికి రెండు కాళ్లూ ఒక్కసారిగా లేచిపోయి, కూర్చున్న భంగిమలోనే జారుకుంటూ వెళ్లి డ్రమ్ముకు తగిలి ఆగారు. హాలంతా నిశ్శబ్దమైంది. ఆయన లేవకుండానే ఒక చెయ్యి పైకెత్తి, "చక్రం జారిందిరా, ఇసక వదలండి!" అని అరిచారు. పట్టాల మీద ఇంజను చక్రాలు జారితే పట్టు కోసం ఇసక వదలడం రైల్వేవారందరికీ తెలిసినదే కాబట్టి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. స్విచ్‌బోర్డు దగ్గర నిలబడ్డ నాన్నగారు మాత్రం నవ్వకుండా నా వైపు చూశారు. మరునాడు కొత్త పౌడరు డబ్బా ఆయన డబ్బుతోనే వచ్చింది.

ఆ హాళ్లను టీవీ చంపిందని కొందరు, ఆస్ట్రేలియా చంపిందని కొందరు అంటారు. వలసలు నిజమే. 1966లో ఆస్ట్రేలియా నిబంధనలు సడలించింది. రైల్వే ఉద్యోగాలలో ఆంగ్లో ఇండియన్లకు రాజ్యాంగం ఇచ్చిన ప్రత్యేక వాటా అంతకుముందే, 1960 నాటికి, ముగిసిపోయింది. అయినా అసలు కారణం కరెంటు తీగ అని నేను ఖాయంగా చెబుతాను. 1980 నాటికి మా మార్గానికి విద్యుత్తు వచ్చింది. బొగ్గు, నీళ్ల కోసం ఆగవలసిన పని లేని బండ్లు మా ఊరి మీదుగా దూసుకుపోసాగాయి. షెడ్డు బలం తగ్గి, క్వార్టర్లు ఖాళీ అయ్యాక డాన్సుకు జతలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇప్పుడు ఊరూరా ఉన్న ఫంక్షన్ హాళ్లలో గ్రానైటు నేల మీద డీజే బాక్సుల ముందు ఉన్నచోటనే ఎగరడాన్ని డాన్సు అనడానికి నాకు నోరు రాదు.

ఇక ఎవరు వెళ్లేవారు అన్న ప్రశ్న మిగిలింది. తెలుగు కుటుంబాలవారు వరండా దాటి లోపలికి వచ్చేవారు కాదు. అయితే ఆ రాత్రి అందరూ వెళ్లిపోయాక, నేను బిలియర్డ్స్ బల్ల కింద నిద్రపోయాననుకొని, నాన్నగారు దీపాలు వరుసగా ఆర్పుతూ వచ్చి చివరి దీపం దగ్గర ఆగారు. చెప్పులు విడిచి, చేతులు గాలిలో ఎవరినో పట్టుకొన్నట్టు ఉంచి, "ఒకటి, రెండు, మూడు" అని మెల్లగా లెక్కపెట్టుకొంటూ రెండు చుట్లు తిరిగారు. నేను కదిలిన చప్పుడు విని ఆగిపోయి అన్నారు: "ఏం లేదురా, ఇంకా ఎక్కడన్నా పౌడరు ఎక్కువుందేమో చూస్తా ఉండా."