నడుస్తుండగా మెదడును చూసే యంత్రం ఉందా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాయనకు 68 ఏళ్లు, పార్కిన్సన్స్ ఉంది. వరండాలో బాగానే నడుస్తారు. గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతారు. ఎమ్మారైలో ఏమీ లేదన్నారు. పడుకోబెట్టి తీస్తే నడకలో లోపం ఎలా తెలుస్తుంది? నడుస్తుండగానే మెదడును చూసే హెల్మెట్ వచ్చిందట. ఎంత ఖర్చయినా తీయిద్దామనుకుంటున్నాం.
- ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీరడిగింది చాలా మంచి ప్రశ్నమ్మా. మామూలుగా తీసే ఎమ్మారై మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. పార్కిన్సన్స్‌లో అది చాలామందికి బాగానే కనిపిస్తుంది.

హెల్మెట్ మాట నిజమే. మెదడు పనిచేసేటప్పుడు పుట్టే అతి బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని అది పట్టుకుంటుంది. పాత యంత్రాల్లో సెన్సర్లను ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచాలి, మనిషి తల కదపకూడదు. 2018లో నాటింగ్‌హామ్, లండన్ శాస్త్రవేత్తలు రుబీడియం అనే లోహపు ఆవిరితో పనిచేసే చిన్న సెన్సర్లను త్రీడీ ప్రింటింగ్ హెల్మెట్‌లో అమర్చారు. అది పెట్టుకుని టీ తాగినా, బ్యాటుతో బంతి కొట్టినా కొలత అందింది. అది చదివిన రోజు నాకెంత సంతోషమేసిందో! కానీ భూమి అయస్కాంత క్షేత్రం మెదడుదానికంటే కోట్ల రెట్లు బలమైనది. దాన్ని అడ్డుకునే ప్రత్యేకమైన గది లేకుండా ఈ హెల్మెట్ పనిచేయదు.

పరారుణ కాంతితో రక్తంలో ఆక్సిజన్ మార్పులు చూసే టోపీ కూడా ఉంది. దానికి అలాంటి గది అక్కర్లేదు, వరండాలోనే నడవొచ్చు. పార్కిన్సన్స్ ఉన్నవారు నడిచేటప్పుడు నుదుటి వెనక భాగం ఎక్కువ శ్రమపడుతోందని దానితోనే కనిపెట్టారు. మనకు అలవాటుగా సాగిపోయే నడక మీ నాయనకు ఆలోచించి చేయాల్సిన పని అయిందన్నమాట. అందుకే ఆయన గడప దగ్గర ఆగినప్పుడు ఎవరూ మాట్లాడించొద్దు, చెయ్యి పట్టి లాగొద్దు. అయితే ఆ కాంతి మెదడు పై పొర దాటి పోదు, పార్కిన్సన్స్ మూలమేమో లోతుల్లో ఉంటుంది.

నడక విషయంలో ఇవన్నీ ఇప్పటికి పరిశోధన కోసమే. వీటి కోసం డబ్బు పెట్టకండి. గడప ముందు నేలమీద రంగు టేపు అడ్డగీతలుగా అంటించి, ఒక్కో గీత దాటి అడుగేయమనండి. చాలామందికి కాలు కదులుతుంది. ఆగిపోయేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, పక్కనుంచి, పాదాలు కనిపించేలా. మాత్ర వేసుకుని ఎంతసేపయిందో రాసిపెట్టండి. మందు ప్రభావం తగ్గే వేళకే ఆగిపోతుంటే డోసు వేళలు మార్చాల్సి రావచ్చు, అది మీరుగా మార్చొద్దు. మీ తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది, ఆ వీడియో, ఆ చీటీ రెండూ అక్కడి డాక్టరుకు చూపించండి.