కీర్తనను పియానోపై ఒంటరిగా వాయించాలనుకుంటున్న నీకు

అమ్మా,

నలభై దాటాక పియానో నేర్చుకుని, ఇప్పుడు చర్చి కీర్తనలను నీకు నువ్వే అమర్చుకుని వాయించాలనుకుంటున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. వేళ్లకు చురుకు చాలదని బెంగపడకు. కీర్తనకు వేగంతో పెద్దగా పని లేదు. పాడేవాళ్ల ఊపిరి నీ చేతుల్లోకి రావాలి.

అందుకే ముందు పియానో మూత వేసి, మాటలతో సహా పాడు. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నావో పెన్సిలుతో గుర్తు పెట్టుకో. వాయించేటప్పుడు సరిగ్గా అక్కడే చెయ్యీ, నాదాన్ని నిలిపే పెడలూ రెండూ లేవాలి.

కీర్తనల పుస్తకంలో పై నుంచి కిందికి నాలుగు గొంతులుంటాయి. సోప్రానో, ఆల్టో కుడిచేతికి; టెనర్, బాస్ ఎడమచేతికి. అది గాయకబృందం కోసం రాసిన అమరిక. ఆర్గాన్‌లో మెట్టు నొక్కి ఉంచినంతసేపూ స్వరం నిలుస్తుంది. పియానోలో సుత్తి తీగను తాకిన మరుక్షణం నుంచే నాదం తగ్గిపోతూ ఉంటుంది. అందుకే ఉన్నది ఉన్నట్టు వాయిస్తే ప్రతి మాత్రకూ ఒక దెబ్బ పడినట్టు వినిపిస్తుంది. నేను చాలాకాలం ఆ లోటును స్వరాలు కుమ్మరించి పూడ్చాలని చూశాను. ఒకసారి ఆరాధనలో అలా వాయిస్తుంటే ముందు వరుసలోని పెద్దావిడ పాడటం ఆపేసి నా వైపు చూసింది. బాణీ ఆమెకు దొరకలేదు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి నాకు ఒకటే పద్ధతి. బాణీ కదులుతున్నప్పుడు ఎడమచెయ్యి నిలకడగా ఉండాలి, బాణీ ఒక స్వరంపై ఆగినప్పుడు ఎడమచెయ్యి నెమ్మదిగా కదలాలి. మిడిల్ సి (పియానో మధ్యలో ఉండే సి మెట్టు) కంటే బాగా కింద మూడు స్వరాలను దగ్గరదగ్గరగా పట్టకు, బురదలా ఉంటుంది. అక్కడ బాస్ ఒక్కటి చాలు, లేదా దాని నుంచి పైకి లెక్కిస్తే వచ్చే ఐదో స్వరం కలుపు.

అమేజింగ్ గ్రేస్ అనే ఇంగ్లిష్ కీర్తనతో మొదలుపెట్టు. మాటలు 1779లో అచ్చయ్యాయి, మనకు తెలిసిన బాణీ వాటికి 1835లో జతపడింది. ఐదు స్వరాల బాణీ, మూడు మాత్రల నడక. జి మేజర్‌లో జి, సి, డి కార్డులతో (కార్డు అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపు) మొత్తం నడిచిపోతుంది. మొదటి చరణం ఏ అలంకారమూ లేకుండా వాయించు. రెండో చరణంలో బాణీని ఎడమచేతికి, టెనర్ స్థాయికి దించు. మూడో చరణంలో, మొదటి చరణపు ‘గ్రేస్’ అనే మాట పడిన చోటే, బాణీ బి స్వరంపై ఉంటుంది. ఆ స్వరం జి మేజర్‌లోనూ ఉంది, ఇ మైనర్‌లోనూ ఉంది. బాణీని ముట్టుకోకుండా కింద ఇ మైనర్ పెట్టి చూడు, ఆ చోటు ఎంత బరువెక్కుతుందో! అయితే ఎవరైనా నీతో కలిసి పాడుతుంటే కార్డులు మార్చకు, నాలుగు గొంతుల్లో పాడేవాళ్లు తడబడతారు.

కుడిచేతి చిటికెనవేలి మీద శ్రద్ధ పెట్టు. బాణీ ఎక్కువగా దానికే వస్తుంది, అన్నిటికన్నా బలహీనమైన వేలూ అదే. పై స్వరాన్ని నిండుగా పలికిస్తూ, మిగతా వేళ్లతో మెట్లను చప్పుడు రాకుండా తాకడం సాధన చెయ్యి. రోజుకు పది నిమిషాలు చాలు.

పెడల్ సంగతి: కొత్త కార్డు నొక్కుతున్న క్షణంలో పాదం ఎత్తు, నొక్కిన వెంటనే మళ్లీ దించు. ముందు రెండే కార్డులతో అలవాటు చేసుకో.

మొదటి చరణం కుదిరాక ఫోనులో రికార్డు చేసి పంపు. తప్పులు దిద్దుకోవాలని ఆగవద్దు, ఉన్నది ఉన్నట్టే పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న