సంత కోడిని తెచ్చిన రోజే మందలో వదలొద్దమ్మా

ప్రశ్న: అన్నా నమస్తే. మాది చంద్రగిరి దగ్గర పల్లె. పెరట్లో ఆరు నాటు పెట్టలు, ఒక పుంజు ఉండాయి. పోయిన ఆదివారం సంతలో మూడు పెట్టల్ని కొని ఆ సాయంత్రమే పాతవాటితో వదిలేసినాం. అప్పట్నుంచి పొడుస్తానే ఉండాయి, ఒకదానికి నెత్తిన జుట్టు చీలి రక్తం కారింది, మేతకాడికి రానీకుండా తరుముతా ఉంటే అది పొద్దస్తమానం నీళ్ల తొట్టి వెనకాలే నక్కి ఉంటాది. మా అత్తేమో నాలుగు రోజులు పొడుచుకుని అవే సర్దుకుంటాయిలే అంటా ఉంది. ఏం చెయ్యాల?

జవాబు: అమ్మా, ముందు ఆ దెబ్బ తగిలిన పెట్టని పట్టి విడిగా గంప కింద పెట్టి రండి, మిగతాది తర్వాత చదవచ్చు. కోళ్లకి ఎరుపు కనిపిస్తే ఆగవు, ఒకటి పొడిచిన చోటే ఇంకోటి పొడుస్తాది, వదిలేస్తే నెత్తి ఒలిచేస్తాయి. ఉప్పునీళ్లతో కడిగి, పసుపు వేపనూనెలో కలిపి పూయండి, పుండు ఎండేదాకా గుంపులోకి వద్దు.

మీ అత్తమ్మ చెప్పిందాంట్లో తప్పేం లేదు. ఎవరు ముందు తినాల, ఎవరు వెనక తినాల అని కోళ్లలో ఒక వరస ఉంటాది, కొత్తవి రాగానే అది చెదిరిపోతాది, మళ్లీ తేల్చుకునేదాకా కొట్లాటలు తప్పవు, మామూలుగా వారం పది రోజుల్లో సద్దుమణుగుతాది. నా భయం కొట్లాట గురించి కాదమ్మా, సంత కోడి వెంట ఏం వచ్చిందో అని. సంతలో పది ఊళ్ల కోళ్లని కాళ్లు కట్టి పక్కపక్కనే పడేసి ఉంటారు, ఒకదానికి తెగులు ఉంటే సాయంత్రానికి అన్నిటికీ అంటుకోవచ్చు, పైకి మాత్రం అన్నీ నిగనిగలాడతానే ఉంటాయి.

ఏడెనిమిదేళ్ల కింద నేనూ ఒక జాతి పెట్టని చూసి ముచ్చటపడి తెచ్చి, ఆ రాత్రే గూట్లో వేసినాను. ఐదో రోజు పొద్దున గూడు తలుపు తీస్తే అన్నీ బయటికి ఉరికినాయి, అది మాత్రం మూలన ముడుచుకుని పచ్చగా పారుతా ఉండింది. ఆ తర్వాత మా పాతవి ఒక్కొక్కటే మొదలుపెట్టినాయి. ఒక పెట్టకి మెడ పక్కకి మెలి తిరిగిపోయింది, రాగులు చల్లితే ఆశగా వచ్చి వొంగేది, ముక్కు గింజ మీద పడకుండా జానెడు అవతల మట్టిలో పడేది, మళ్లీ వొంగేది, మళ్లీ తప్పేది. ఆకలితోనే పోయిందది. పదకొండింట్లో రెండు మిగిలినాయి. కొక్కెర తెగులు, డాక్టర్లు రాణికెట్ అంటారు, వచ్చినాక మందు లేదు, ముందుగా వేయించే టీకా ఒక్కటే దిక్కు.

అందుకని ఆ మూడింటినీ ఇప్పుడైనా వేరు చెయ్యండి. ఇప్పటికే కలిసినాయి కదా ఇంకెందుకు అనుకోవద్దు, అంటుకోకుండా మిగిలినవి ఉంటే అవైనా దక్కుతాయి. కనీసం మూడు వారాలు, వీలైతే నెల రోజులు, ఇంటికి ఇంకో పక్కన వేరే గూడు, వేరే నీళ్ల గిన్నె. మేత ముందు పాతవాటికి వేసి ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి పోండి, వచ్చినాక చేతులు కడుక్కోండి, అక్కడికి వేసుకుపోయిన చెప్పులతో పాతవాటి దగ్గర తిరగొద్దు, ఈ చెప్పుల సంగతి చానామంది మర్చిపోతారు. రెట్ట ఎట్లుంది, ఊపిరి గురగురమంటా ఉందా, ముక్కు కారతా ఉందా రోజూ చూడండి. రాత్రి టార్చి పట్టుకుని రెక్కల కింద, తోక కింద ఈకలు విడదీసి పేలు ఉన్నాయేమో చూసి, ఉంటే బూడిద, పొడి ఇసుక కలిపి పొర్లాడేదానికి గుంట పెట్టండి, అయినా తగ్గకపోతే పశువుల డాక్టర్ని మందు అడగండి. ఈ నెలలో ఎవరికీ కోడిని ఇవ్వొద్దు, అమ్మొద్దు. ఒకటికి రెండు చచ్చిపోతే వెంటనే పశువుల ఆసుపత్రిలో చెప్పండి, లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి.

టీకా కూడా అక్కడే అడగండి. పిల్లలకి మొదటి వారంలో లసోటా అని కంట్లో చుక్క వేస్తారు, ఎనిమిది వారాలు దాటినాక ఆర్‌టూబీ అని ఇంజెక్షన్. జబ్బుతో ఉన్నదానికి వేసి లాభం లేదు, ఆరోగ్యంగా ఉన్నవాటికే వెయ్యాల, మందు ఇంటికి తెచ్చేటప్పుడు ఐస్ మీదే తేవాల.

నెల బాగా గడిచిందంటే అప్పుడు కలపడం. మధ్యలో మెష్ కట్టి ఒక వారం ఒకదాన్నొకటి చూసుకోనీండి, మెష్‌కి అటూ ఇటూ దగ్గర దగ్గరగా మేత పెట్టండి. తర్వాత మూడింటినీ ఒకేసారి వదలండి, ఒంటరిగా పోయినదాని మీద అన్నీ పడతాయి. మేత రెండు మూడు చోట్ల, నీళ్లు రెండు చోట్ల, దాక్కునేదానికి ఒక పాత తలుపో రేకో గోడకి వాలుగా ఆనించి రెండు వైపులా దారి ఉండేట్టు చూడండి, ఒకవైపే దారి ఉంటే అది లోపల ఇరుక్కుపోతాది. రాత్రి చీకట్లో గూట్లో కట్టె మీద కూచోబెడితే పొద్దున కలిసిపోతాయని చానామంది చెప్తారు, అది కొంతవరకు పని చేస్తాది, చీకట్లో వాటికి కనపడదు కాబట్టి ఆ రాత్రి కొట్లాట ఉండదు. కానీ తెల్లవారుజామునే లేచి గూడు తీసే ఓపిక ఉంటేనే చెయ్యండి, వెలుతురు వచ్చినాక తలుపు మూసి ఉంటే ఆ కొత్తదానికి పారిపోయే దారే ఉండదు.

ప్రశ్న: పొదుగు మీదుండే పెట్ట కింద కొన్న పిల్లల్ని పెడితే సాకుతాదా? (పాకాల నుంచి)

జవాబు: సాకుతాది, కానీ పిల్లలు ఒకటి నుంచి మూడు రోజులవై ఉండాల, పెట్ట కూడా దాదాపు 21 రోజులు గుడ్ల మీద కూచుని ఉండాల. రాత్రి లైటు వెయ్యకుండా ఒక్కో పిల్లని రెక్క కిందకి తోసి, గుడ్లని మెల్లగా తీసెయ్యండి. పిల్లలు కిచకిచమంటే పెట్ట గొంతులో చిన్నగా కొక్ కొక్ అనిందంటే ఒప్పుకున్నట్టే. పొద్దున్నే పోయి చూడండి, ఒక్క పిల్లని పొడిచినా అన్నీ తీసేసి బల్బు కింద పెంచుకోండి. పెద్ద కోళ్లకి వేసే లేయర్ మేత పిల్లలు తినకుండా చూడండి, దాంట్లో కాల్షియం ఎక్కువ, కిడ్నీలు పాడవుతాయి.