పోయిన మనిషిని గేటు దగ్గర ఆపకండి

ప్రశ్న: సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో మాదొక పాత అపార్ట్‌మెంట్. నేను అసోసియేషన్ సెక్రటరీని. హిందువులతో పాటు ముస్లిం, క్రైస్తవ, సిక్కు, జైన కుటుంబాలు ఉంటున్నాయి. కొందరు అద్దెకున్నవాళ్లు. మొన్న ఒక ముస్లిం పెద్దాయన పోయారు. సాయం చేద్దామని ఫ్రీజర్ బాక్స్‌కి ఫోన్ చేస్తే వాళ్లబ్బాయి వద్దన్నాడు. దండ తీసుకెళ్లాలో లేదో కూడా మాకు తెలియలేదు. ఇలాంటప్పుడు మేం ఏం చేయాలి?

జవాబు: సెక్రటరీ గారూ, నేను ఆసుపత్రిలో నర్సుగా ఉన్న రోజుల్లో, మనిషి పోయాక ఇంటివాళ్లు మెల్లగా నా దగ్గరకొచ్చి అడిగేవాళ్లు: ‘సిస్టర్, ఇంటికి తీసుకెళ్లొచ్చా?’ నన్ను అడిగినా, వాళ్ల భయమంతా ఇంటి ఓనరు గురించే. అద్దె ఇంట్లోకి శవాన్ని తెస్తే అరిష్టమని ఒప్పుకోని వాళ్లు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. ఆ మాట విని ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి వెళ్లిపోయిన కుటుంబాలను చూశాను. రోడ్డు పక్కన షామియానా వేసుకుని ఏడ్చినవాళ్లనూ చూశాను. ఇంతకంటే క్రూరమైన పని మరొకటి లేదని నా అభిప్రాయం.

అందుకని ముందు మీటింగ్ పెట్టి తీర్మానం రాయించండి. ఓనరైనా అద్దెకున్నవాళ్లైనా, ఏ మతమైనా, పోయిన మనిషిని ఇంటికి తెచ్చుకోవచ్చని, కింద పార్కింగ్‌లో చోటు ఇస్తామని అందులో ఉండాలి. మైల పట్టింపు ఉన్నవాళ్లు తర్వాత ఇల్లు కడుక్కుంటారు, పుణ్యాహవచనం చేయించుకుంటారు, అది వాళ్లిష్టం. గేటు మాత్రం తీసే ఉండాలి. మీ లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. పాత బిల్డింగుల్లో చాలావాటిలో పట్టదు.

ఇక ఎవరింట్లో జరిగినా మీరు అడగాల్సినవి రెండే: నిర్ణయాలు చెప్పేది ఎవరు, ఎన్ని గంటలకి బయల్దేరతారు. ఆ రెండూ తెలియకుండా ఏదీ బుక్ చేయకండి. ముస్లింలు వీలైనంత త్వరగా ఖననం చేస్తారు. అర్ధరాత్రి పోతే మర్నాడు మధ్యాహ్నం జొహర్ నమాజుకల్లా అయిపోతుంది. గల్ఫ్ నుంచి కొడుకు రావాలంటే తప్ప ఫ్రీజర్ జోలికి పోరు. వాళ్లకి అప్పుడు కావాల్సింది నీళ్లు, చాటు. గుస్ల్, అంటే ఆఖరి స్నానం, మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లు చేయిస్తారు. కాబట్టి మోటారు వేయించి, పార్కింగ్‌లో ఒక మూల పరదాలు కట్టించండి. దండ అక్కర్లేదు. ఇంటివాళ్లని అడిగి భుజం పట్టండి, జనాజా నమాజ్, అంటే పోయిన మనిషి కోసం చేసే ప్రార్థన, చదువుతుంటే పక్కన నిలబడండి. పోయిన ఆయన భార్య ఇద్దత్, అంటే భర్త పోయాక ఇంటిపట్టునే ఉండే గడువు, పాటిస్తే అది నాలుగు నెలల పది రోజులు ఉంటుంది. మెయింటెనెన్స్ అనో, ప్లంబర్ అనో ఆవిడ తలుపు తట్టకుండా ఆ అబ్బాయికి ఫోన్ చేయండి.

క్రైస్తవుల ఇంట్లో తొందర అంత ఉండదు. పూలు, ఫ్రీజర్ బాక్స్ రెండూ మామూలే. వాళ్ల టెన్షన్ అంతా సమాధి చోటు గురించి. నారాయణగూడ, బోయిగూడ లాంటి పాత సిమెట్రీల్లో స్థలం తక్కువ, అప్పటికే ఉన్న కుటుంబ సమాధినే మళ్లీ తెరవడం మామూలు. చోటు ఇవ్వాలంటే చాలాచోట్ల చర్చి సభ్యత్వం చూస్తారు. ఏ చర్చి, పాస్టరు గారి నంబరు ఎంత అన్నది ముందే రాసిపెట్టుకోండి. సిక్కులు దహనం చేస్తారు, తర్వాత గురుద్వారాలో భోగ్‌కి, అంటే ముగింపు ప్రార్థనకి, పిలిస్తే తలమీద గుడ్డ వేసుకుని వెళ్లండి. జైనుల ఇంటికి భోజనం పంపితే సూర్యాస్తమయానికి ముందే పంపండి, ఉల్లి, వెల్లుల్లి, ఆలూ లేకుండా. మీ పక్కనే పార్సీగుట్ట ఉంది కదా, పార్సీ మిత్రులెవరైనా పోతే వెంటనే వెళ్లి చూడండి. సంస్కారాలు మొదలయ్యాక పార్సీలు కానివాళ్లకి ముఖం చూపించరు.

హిందువుల ఇల్లే కదా, మాకు తెలుసులే అనుకోకండి. లింగాయతులు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. దహనం కాకుండా పూడ్చే కుటుంబాలు ఇంకా చాలా ఉన్నాయి. అక్కడా అడిగే చేయండి.

కాగితాల సాయం అందరికీ అవసరమే. మరణాన్ని 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయించాలి, 1969 నాటి చట్టం అది. ఆసుపత్రిలో పోతే వాళ్లే తెలియజేస్తారు. ఇంట్లో పోతే ఇంటివాళ్లే చెప్పాలి. వైద్యం చేసిన డాక్టరు కారణం రాసిచ్చిన కాగితం, శ్మశానం లేదా ఖబరస్తాన్ రసీదు, ఆధార్ జిరాక్సులు ఒక కవర్లో పెట్టి ఇవ్వండి. ఏడుస్తున్న ఇంట్లో రసీదు ఎక్కడో పడిపోతుంది, తర్వాత పెన్షన్ దగ్గరా బ్యాంకు దగ్గరా ఆ ఇల్లాలే తిరగాలి.

ప్రశ్న: నేను హిందువుని, మావారు క్యాథలిక్. రిజిస్టర్ పెళ్లి. నన్ను దహనం చేయాలి, కానీ ఆయన పక్కనే ఉండాలనీ ఉంది. పిల్లలు గొడవపడకుండా ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ రెండు కోరికలూ కుదరొచ్చు. క్యాథలిక్ చర్చి 1963 నుంచి దహనాన్ని అనుమతిస్తోంది. అస్థికలను చల్లకుండా, ఇంట్లో ఉంచుకోకుండా, సమాధి చేయమంటుంది. మీరు ఆ మతం కాదు కాబట్టి, మీ అస్థికలు ఆయన సమాధిలో పెట్టనిస్తారా అని ఇద్దరూ కలిసి వెళ్లి ఫాదర్‌నీ సిమెట్రీ వాళ్లనీ ఇప్పుడే అడగండి. ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి. మీ కోరికను వీలునామాలో మాత్రమే రాయకండి, దాన్ని చాలా ఇళ్లలో అన్నీ అయిపోయాకే తీస్తారు. విడిగా రాసి, సంతకం పెట్టి, పిల్లలందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించి, తలా ఒక కాపీ ఇవ్వండి. నేత్రదానం చేయాలనుకుంటే అదీ అందులోనే రాయండి. ఆరు గంటల్లోపు కళ్లు తీసుకోవాలి. ఐ బ్యాంకు వాళ్లు వచ్చేదాకా ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడి దూది పెట్టి ఉంచమని కూడా రాయండి.