డాక్టర్ సలహా: లివర్‌కి మినరల్స్ తక్కువైతే డీటాక్స్ క్యాప్సూల్స్ వేసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 38. బరువు తగ్గాలని ఏడాదిగా బాగా తక్కువ తింటున్నా, వారానికోసారి డ్రింక్స్ ఉంటాయి. నీరసంగా ఉంటోందని టెస్టులు చేయిస్తే లివర్ పరీక్ష ఎస్‌జీపీటీ ఎక్కువగా, 62 వచ్చింది. జింక్, సెలీనియం తక్కువైతే లివర్ విషాల్ని బయటకి పంపలేదని ఒక వీడియోలో చూశా. లివర్ డీటాక్స్ క్యాప్సూల్స్ వాడొచ్చా డాక్టర్ గారూ?

జవాబు: వీడియోలో చెప్పింది సగం నిజమేనండీ, ఆ సగం చూపించే క్యాప్సూల్స్ అమ్ముతారు. లివర్‌లో మందుల్నీ ఆల్కహాల్‌నీ మార్చే ఎంజైముల్లో కొన్ని ఖనిజం లేందే పనిచెయ్యవు. మనం మింగే మందుల్లో చాలావాటి సంగతి చూసే సైటోక్రోమ్ పీ450 ఎంజైముల్లో ఐరన్ ఉంటుంది, ఆల్కహాల్‌ని మొదట పట్టుకునే ఎంజైములో జింక్ ఉంటుంది, పైగా బాగా తాగేవాళ్ళకి యూరిన్‌లో జింక్ ఎక్కువ పోతుంది. సెలీనియం ఏమో గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములో ఉంటుంది, ఈ సంగతి 1973లోనే తేలింది.

మీ విషయంలో నాకు ఎక్కువ భయం, లివర్‌ని విషాల నుంచి కాపాడే గ్లూటాథయోన్ అనే పదార్థం గురించే. అది తయారవ్వాలంటే మెగ్నీషియం కావాలి కానీ అసలు ముడిసరుకు ప్రొటీన్ నుంచే రావాలి, మీరేమో సరిగ్గా తినట్లేదు. పారాసిటమాల్ వేసుకున్నప్పుడు లివర్‌లో పుట్టే విషపదార్థాన్ని అణిచేది ఈ గ్లూటాథయోనే, అందుకని ఖాళీ కడుపుతో డ్రింక్స్ తాగి, పొద్దున తలనొప్పికి రెండు మూడు టాబ్లెట్లు మింగే అలవాటుంటే ముందు అది మానండి.

ఇక క్యాప్సూల్స్ వద్దు. లోటు ఉంటే భర్తీ చేస్తే పని జరుగుతుంది గానీ ఎక్కువ మింగితే ఎంజైములేమీ డబుల్ స్పీడ్‌లో పనిచెయ్యవు. జింక్ రోజుకి 40 మిల్లీగ్రాములు దాటి చాలాకాలం వాడితే కాపర్ ఒంటికి పట్టక రక్తహీనత రావచ్చు, సెలీనియం మోతాదు మించితే జుట్టు రాలుతుంది గోళ్ళు విరుగుతాయి, ఐరన్ ఎక్కువైతే నేరుగా లివర్‌లోనే పేరుకుని దాన్నే దెబ్బతీస్తుంది.

ఇంకోటి, ఎస్‌జీపీటీ పెరిగిందంటే లివర్ కణాలు దెబ్బతింటున్నాయని అర్థం, మినరల్స్ తక్కువని కాదు. ఫ్యాటీ లివర్, ఆల్కహాల్, హెపటైటిస్ బి, సి, వాడే మందులు, ఇవన్నీ చూడాలి. అల్ట్రాసౌండ్, హెపటైటిస్ టెస్టులు, బ్లడ్ కౌంట్, ఐరన్ టెస్టులు చేయించండి. జింక్ టెస్ట్ ఒక్కదాన్నే నమ్మకండి, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గినా అది తక్కువే చూపిస్తుంది.

అప్పటిదాకా డ్రింక్స్ పూర్తిగా ఆపి, పప్పులు, గింజలు, గుడ్లు, చేపలు, మీరు ఏవి తింటారో అవి కడుపునిండా తినండి, నెల రెండు నెలల్లో మళ్ళీ ఎస్‌జీపీటీ చేయించండి. ఈలోపు కళ్ళు పచ్చబడినా, యూరిన్ ముదురు రంగులో వచ్చినా ఆగకుండా అదేరోజు డాక్టర్‌కి చూపించుకోండి.