కీళ్లు వాచినప్పుడల్లా మెదడూ మొద్దుబారుతోంది.. ఎందుకు?

ప్రశ్న: నా వయసు 41. ఐదేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు (రోగనిరోధక శక్తి సొంత కీళ్లపైనే దాడి చేసే జబ్బు) మెథోట్రెక్సేట్ అనే మందు వాడుతున్నాను. కీళ్లు వాచినప్పుడల్లా మాటలు గుర్తుకు రావు, ఏ పనీ చేయబుద్ధి కాదు. వాపు తగ్గితే చాలావరకు మామూలవుతాను. ఇదంతా నా భ్రమేనా? డిప్రెషన్ మందులు వాడాలా?

జవాబు: భ్రమ కాదు. వాపు రేగినప్పుడు రోగనిరోధక కణాలు ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ వంటి సైటోకైన్లను, అంటే వాపు సంకేతాలు మోసే ప్రొటీన్లను, వదులుతాయి. వాటి సంకేతాలు రక్తం ద్వారా, మెదడును పొట్ట, గుండె వంటి అవయవాలతో కలిపే వేగస్ నాడి ద్వారా మెదడుకు చేరతాయి. అక్కడ ఉత్సాహాన్ని, ఆసక్తిని నడిపించే డోపమైన్ అనే రసాయనం పనితీరు తగ్గుతుంది. అందుకే ఇలాంటివారిలో ఏడుపు కన్నా నిరాసక్తత, నీరసం, ఆలోచనలో మందకొడితనం ఎక్కువగా కనిపిస్తాయి. జ్వరమొచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడాలనిపించదు కదా, అదీ ఇదీ ఒకటే ప్రక్రియ. జ్వరం నాలుగు రోజుల్లో పోతుంది, మీ వాపు వారాల తరబడి ఉంటుంది.

అలాగని అన్నిటినీ వాపు ఖాతాలో వేయకండి. రాత్రి నొప్పితో నిద్ర చెడినా మర్నాడు ఇలాగే ఉంటుంది. మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడు కొందరికి తల దిమ్ముగా ఉంటుంది. స్టిరాయిడ్ కూడా వాడుతుంటే, ముఖ్యంగా ఎక్కువ మోతాదులో, దానివల్లా మూడ్ మారొచ్చు. కానీ సొంతంగా ఆపేయొద్దు. ఆరు వారాల పాటు రోజూ కీళ్లనొప్పి, నిద్ర, మనసు స్థితికి 0 నుంచి 10 వరకు మార్కులు వేసి, మెథోట్రెక్సేట్ వేసుకున్న రోజును గుర్తు పెట్టండి. ఏది ముందు మొదలవుతోందో తెలుస్తుంది.

సీబీసీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (వాపు తీవ్రత), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు చేయించండి. వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరుగుతుంది కాబట్టి, రిపోర్టులో నార్మల్ అని ఉన్నా ఐరన్ లోపం దాగి ఉండొచ్చు. రక్తంలో ఐరన్ ఎంత అందుబాటులో ఉందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ కూడా చూడమని అడగండి.

సీఆర్‌పీ ఎక్కువగా ఉంటే ముందు ఆర్థరైటిస్ చికిత్సను సరిచేయాలి. మీ రుమటాలజిస్టుకు (కీళ్లవాతం డాక్టర్‌కు) కీళ్ల సంగతితో పాటు ఈ మతిమరుపు, నిరాసక్తతల గురించీ చెప్పండి, చాలామంది చెప్పరు. మనసు కోసమని పెయిన్ కిల్లర్లు మాత్రం పెంచుకోవద్దు. కిడ్నీలు, కడుపు దెబ్బతినొచ్చు.

వాపు తగ్గాక కూడా దిగులు రెండు వారాలు దాటి కొనసాగితే అది విడిగా చికిత్స అవసరమైన డిప్రెషన్ కావచ్చు. అప్పుడు సైకియాట్రిస్టును కలవండి. ఆర్థరైటిస్ మందులతో పాటే యాంటీడిప్రెసెంట్లు కూడా వాడుకోవచ్చు, పెయిన్ కిల్లర్ వాడుతుంటే మాత్రం ఆ విషయం చెప్పండి. కొన్ని రకాల యాంటీడిప్రెసెంట్లు, పెయిన్ కిల్లర్లు కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. బతకాలని లేదన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.